పాతది తీసి లిథియం పెడితే సరిపోతుందా? క్యాంపర్ వ్యాన్‌లో కరెంటు లెక్క

బెంగళూరు జేసీ రోడ్డులో బ్యాటరీ షాపుకెళ్లి క్యాంపర్ వ్యాన్‌కి లిథియం కావాలని అడిగితే తరచూ ఒకటే మాట వినిపిస్తుంది. "పాతది తీసేసి ఇది పెట్టుకోండి సార్. టెర్మినల్స్ అవే, వోల్టేజీ అదే. అంతే." తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్తారు కూడా. ఆ మాటలో సగం నిజం ఉంది. బిగించిన రోజు లైట్లు వెలుగుతాయి, ఫ్రిజ్ నడుస్తుంది, ఫోన్లు ఛార్జ్ అవుతాయి. మిగతా సగం నెలలు గడిచాక బయటపడుతుంది. ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు తయారుచేసేది) కాలిపోవడమో, వైరు కరగడమో, అర్ధరాత్రి ఉన్నట్టుండి అంతా ఆరిపోవడమో జరుగుతుంది. నింద మాత్రం లిథియం మీద పడుతుంది.

మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగువాళ్లలో ఈమధ్య ఈ సరదా పెరిగింది. పాత టెంపో ట్రావెలరో, వింగరో కొని, వెనక మంచం, చిన్న వంటగట్టు కట్టించుకుని, వారాంతం వచ్చిందంటే లేపాక్షి, హార్స్‌లీ కొండలు, గండికోట అంటూ బయల్దేరుతున్నారు. హోటల్ వెతుక్కునే పని లేదు, పిల్లలకు పెరుగన్నం చల్లగా ఉంటుంది, పెద్దవాళ్లు మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చొచ్చు. ఇదంతా హాయిగా సాగాలంటే కరెంటు నమ్మకంగా ఉండాలి. దానికి లిథియం మంచి దారేనని నేను గట్టిగా నమ్ముతాను. కాకపోతే మార్చాల్సింది బ్యాటరీ ఒక్కటే కాదు. కరెంటు వచ్చే దారి, పోయే దారి కూడా దానికి తగ్గట్టు మారాలి.

ముందు యూనిట్ల లెక్క

బ్యాటరీ మీద 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) అనో 150 ఏహెచ్ అనో రాసి ఉంటుంది. ఆ ఒక్క అంకె చూసి కొంటే లెక్క తప్పుతుంది. అందులో వోల్టేజీ ఎంతో లేదు, నిజంగా ఎంతవరకు వాడుకోవచ్చో లేదు. ఇంటి కరెంటు బిల్లులో చూసే యూనిట్ ఇక్కడ చక్కగా పనికొస్తుంది. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్.

ఇళ్లలో ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీని తీసుకోండి, ఇది లెడ్ యాసిడ్ రకం. 12 వోల్టులతో గుణిస్తే కాగితం మీద 1.8 యూనిట్లు. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని మాటిమాటికీ సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు పడిపోతుంది. పైగా ఆ 150 అనేది మామూలుగా 20 గంటల పాటు నెమ్మదిగా వాడుకుంటే వచ్చే లెక్క. ఒకేసారి గట్టిగా లాగితే అంత ఇవ్వదు. అంటే చేతికి దక్కేది ఒక యూనిట్ లోపే, దానికోసం మోసే బరువు 50 కిలోల పైమాటే. అదే 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 12.8 వోల్టుల చొప్పున 1.28 యూనిట్లు. అందులో 90 శాతం వాడినా దానికి ఇబ్బంది లేదు. దాదాపు 1.15 యూనిట్లు చేతికొస్తాయి, బరువు 10 నుంచి 13 కిలోలు. 150 తీసి 100 పెడితే తగ్గిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. వేల సార్లు ఛార్జ్ చేసి వాడుకున్నా నిలబడటం దీని రెండో లాభం. కొనేటప్పుడు ధర ఎక్కువ అనిపించినా, ఎన్నేళ్లు వాడతామన్నది కలిపి చూస్తే తేడా బాగా తగ్గిపోతుంది.

ఇప్పుడు నలుగురున్న కుటుంబం గండికోటలో ఒక రోజు గడిపితే ఎంత కావాలో చూద్దాం. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ 45 వాట్లు తీసుకుంటుంది. రాయలసీమ ఎండలో సగం సమయం నడుస్తూనే ఉంటుంది కాబట్టి రోజుకు అర యూనిట్ పైనే. రెండు చిన్న డీసీ ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే 0.4. లైట్లు, నీళ్ల మోటారు కలిపి 0.1. ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ కలిపి పావు యూనిట్. చిన్న రైస్ కుక్కర్ అరగంటకు ఇంకో పావు.

ఇక చట్నీ. 750 వాట్ల మిక్సీ అనగానే చాలామంది కంగారుపడతారు, బ్యాటరీ మొత్తం తాగేస్తుందని. మిక్సీ తిరిగేది మూడు నాలుగు నిమిషాలు. పల్లీ చట్నీకి అయ్యే ఖర్చు 0.05 యూనిట్. రోజంతా నిశ్శబ్దంగా నడిచే ఫ్రిజ్ దానికి పదింతలు తింటుంది. మిక్సీతో ఉన్న చిక్కు వేరు. స్విచ్ వేసిన క్షణంలో అది లాగే కరెంటు 750 వాట్లకు చాలా ఎక్కువ ఉంటుంది. ఆ క్షణాన్ని తట్టుకునే ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి. మొత్తం ఎంత నిల్వ ఉందన్నది ఒక ప్రశ్న, ఒక్కసారిగా ఎంత ఇవ్వగలదన్నది ఇంకో ప్రశ్న. ఈ రెంటినీ విడివిడిగా చూస్తే సగం గందరగోళం తీరిపోతుంది.

ఎవరూ లెక్కలోకి తీసుకోని ఖర్చు ఇంకోటి ఉంది. పెద్ద ఇన్వర్టర్‌ని ఊరికే ఆన్‌లో ఉంచితే, ఏమీ నడపకపోయినా 15 వాట్ల దాకా తీసుకోవచ్చు. ఇరవై నాలుగు గంటలకు 0.36 యూనిట్. అన్నం వండటానికి అయ్యేదానికన్నా ఎక్కువ! ఫ్యాన్లు, లైట్లు, ఫోన్ ఛార్జింగ్ నేరుగా 12 వోల్టుల మీదే పెట్టుకుని, మిక్సీ, కుక్కర్ అవసరమైనప్పుడే ఇన్వర్టర్ ఆన్ చేసుకుంటే మొత్తం 1.6 యూనిట్ల దగ్గర ఆగుతుంది. ఆన్‌లోనే వదిలేస్తే రెండుకు చేరుతుంది. ఈ కుటుంబానికి 200 ఏహెచ్ లిథియం నిశ్చింతగా సరిపోతుంది.

ఏసీ సంగతేంటని అందరూ అడుగుతారు. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే, సగటున 600 వాట్లు అనుకున్నా, దాదాపు 5 యూనిట్లు. అంటే 12 వోల్టుల 400 ఏహెచ్ బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ. వ్యాన్ పైకప్పు మీద 400 వాట్ల సోలార్ ప్యానెల్ పడుకోబెట్టి బిగిస్తే, మంచి ఎండ రోజున బెంగళూరులో ఒకటిన్నర యూనిట్ వస్తే గొప్ప. ఒక రాత్రి ఏసీకి మూడు రోజుల ఎండ! సోలార్ మీద రాత్రంతా ఏసీ నడుస్తుందని ఎవరైనా చెబితే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. ఏసీ తప్పదనుకుంటే బయటి ప్లగ్ పాయింటు దొరికే చోట బస చేయడమే దారి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎండాకాలంలో వ్యాన్‌ని చింతచెట్టు నీడలో ఆపాలనిపిస్తుంది. నీడలో ఆపితే ప్యానెల్ పని చేయదు, ఎండలో ఆపితే లోపల మనం ఉండలేం. అందుకే మన ఎండలకు సోలార్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దని నా సలహా.

ఏ లిథియం?

2022లో విద్యుత్ స్కూటర్లు వరుసగా తగలబడ్డ వార్తలు మన ఇళ్లలో ఇంకా మర్చిపోలేదు. "పిల్లలు పడుకునే మంచం కింద అదే పెడతావా?" అని అమ్మ అడిగితే ఆ భయాన్ని కొట్టిపారేయలేం. లిథియం బ్యాటరీలన్నీ ఒకటి కావు. స్కూటర్లలో, ల్యాప్‌టాప్‌లలో విరివిగా వాడుతూ వచ్చింది నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన రకం. తక్కువ చోటులో ఎక్కువ శక్తి పడుతుంది, కానీ బాగా వేడెక్కితే అందులోంచి ఆక్సిజన్ విడుదలై మంటను అదే పోషించుకుంటుంది. ఐరన్ ఫాస్ఫేట్ రకంలో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా బయటికి రాదు. ఈ పదార్థాన్ని బ్యాటరీకి వాడొచ్చని 1997లో ప్రచురించింది టెక్సస్ విశ్వవిద్యాలయంలోని జాన్ గుడెనఫ్ బృందం. ఆ పరిశోధన పత్రంలో ఆయనతో పాటు ఉన్న పేర్లు రెండూ భారతీయులవే, పాఢి, నంజుండస్వామి. లిథియం అయాన్ బ్యాటరీల మీద చేసిన కృషికి గుడెనఫ్‌కి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మనుషులు పడుకునే వాహనంలో ఐరన్ ఫాస్ఫేట్ తప్ప వేరేది పెట్టొద్దు. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. పాత స్కూటర్ల నుంచి తీసిన సెల్స్‌తో చవగ్గా ప్యాక్ కట్టిస్తామంటే వద్దనండి. అలాగని ఐరన్ ఫాస్ఫేట్‌కి అసలు ప్రమాదమే లేదని కాదు. దెబ్బతిన్నా, బాగా వేడెక్కినా అదీ మండే స్వభావమున్న వాయువుల్ని వదులుతుంది. గ్యాస్ సిలిండర్ ఉన్న అరలో బ్యాటరీ పెట్టకూడదు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, కిందికి చేరి నిలుస్తుంది. పక్కనే ఉన్న రిలేలో (కరెంటుతో పనిచేసే స్విచ్) చిన్న నిప్పురవ్వ చాలు.

సిల్క్ బోర్డు దగ్గర ఆల్టర్నేటర్

బండి నడుస్తుంటే ఆల్టర్నేటర్ నుంచి ఒక రిలే ద్వారా వెనక బ్యాటరీకి ఛార్జింగ్ వెళ్లడం పాత పద్ధతి. లెడ్ యాసిడ్ ఉన్నన్నాళ్లూ ఇది బాగానే నడిచింది. ఆ బ్యాటరీ నిండుతున్నకొద్దీ తనంతట తానే కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది. లిథియం అలా కాదు. దాని అంతర్గత నిరోధం చాలా తక్కువ. ఖాళీగా ఉన్నప్పుడే కాదు, దాదాపు నిండే వరకూ ఎంతిస్తే అంతా లాక్కుంటుంది, ఎండలో నడిచొచ్చినవాడు చెంబెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగినట్టు.

ఇప్పుడు శుక్రవారం రాత్రి ట్రిప్పుకు బయల్దేరి బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న వ్యాన్‌ని ఊహించుకోండి. వెనక బ్యాటరీ ఖాళీ. హెడ్‌లైట్లు, ముందు ఏసీ బ్లోయర్ నడుస్తున్నాయి. ఇంజిన్ ఐడిల్‌లో ఉంది. ఆల్టర్నేటర్‌ని చల్లబరిచే ఫ్యాన్ దాని షాఫ్ట్‌కే ఉంటుంది, కాబట్టి అదీ నెమ్మదిగా తిరుగుతోంది. పని గరిష్ఠం, గాలి కనిష్ఠం. కొన్నాళ్లు ఇలా సాగితే ఆల్టర్నేటర్ వైండింగో, డయోడ్లో మాడతాయి. ఇంకో రకంగానూ ముప్పు ఉంది. భారీగా ఛార్జింగ్ వెళ్తుండగా బ్యాటరీ లోపలి రక్షణ వ్యవస్థ ఏదో కారణంతో టక్కున కనెక్షన్ తెంచేస్తే, ఆ క్షణంలో వోల్టేజీ ఎగిరి డయోడ్లు పోవచ్చు. కొత్త తరం వాహనాల్లో కొన్ని, ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటర్‌తో తగ్గిస్తుంటాయి. వాటిలో రిలే పద్ధతి అసలు సరిగ్గా ఛార్జే చేయదు.

వీటన్నిటికీ మందు డీసీ-డీసీ ఛార్జర్. ఆల్టర్నేటర్ నుంచి తీసుకునే కరెంటుకు ఇది హద్దు పెడుతుంది, లిథియంకి కావాల్సిన వోల్టేజీని తానే తయారు చేసి ఇస్తుంది. 30 ఆంపియర్ల ఛార్జర్ పెట్టుకుని బెంగళూరు నుంచి గండికోటకు ఐదారు గంటలు నడిపితే, దిగేసరికి దాదాపు రెండు యూనిట్లు బ్యాటరీలో చేరతాయి. పైన చూసిన ఒక రోజు ఖర్చు దారిలోనే వచ్చేసినట్టు! సోలార్ ప్యానెల్ పెట్టించుకోవాలా, డీసీ-డీసీ ఛార్జర్ పెట్టించుకోవాలా అని డబ్బులు చూసుకునేవాళ్లకి నేను రెండోదే ముందు అంటాను. మనవాళ్లు రోజుల తరబడి ఒకేచోట ఉండరు, తిరుగుతుంటారు.

బయటి ప్లగ్ నుంచి ఛార్జ్ చేసే ఇంటి ఇన్వర్టర్ ఉంటే దాని సెట్టింగు చూసుకోవాలి. 12.8 వోల్టుల ఐరన్ ఫాస్ఫేట్‌లో 3.2 వోల్టుల సెల్స్ నాలుగు వరుసగా ఉంటాయి. ఒక్కో సెల్‌కి గరిష్ఠం 3.65, మొత్తానికి 14.6. రోజువారీ వాడకానికి 14.2 నుంచి 14.4 చాలు. ట్యూబులర్ మోడ్‌లో కొన్ని ఇన్వర్టర్లు అంతకన్నా పైకి తోస్తాయి. లిథియం మోడ్ ఉన్న ఇన్వర్టరే తీసుకోవడం మంచిది.

వైరు, ఫ్యూజు

1500 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఇంట్లో 230 వోల్టుల మీద ఆరేడు ఆంపియర్లే తీసుకుంటుంది. అదే స్టవ్‌ని 12 వోల్టుల బ్యాటరీ మీద ఇన్వర్టర్‌తో నడిపితే, నష్టాలతో కలిపి 130 ఆంపియర్లు. 100 ఆంపియర్ల హద్దున్న బ్యాటరీ అయితే పాలు పొంగకముందే కట్ అయిపోతుంది. వైరు సన్నగా ఉంటే ఇంకా ప్రమాదం. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పోనూ రానూ కలిపి నాలుగు మీటర్లు ఉంటే, 130 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.9 వోల్టు అందులోనే పోతుంది. అంటే వంద వాట్లకు పైగా వేడి, సీటు కింద, కార్పెట్ పక్కన. 35 లేదా 50 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడి, ఇన్వర్టర్‌ని బ్యాటరీకి మీటరు దూరంలోనే బిగిస్తే ఈ బాధ ఉండదు. వైరు చివర తొడిగే లగ్గుల్ని సుత్తితో కొట్టి బిగించే అలవాటు మన వర్క్‌షాపుల్లో ఇంకా ఉంది. హైడ్రాలిక్ క్రింపింగ్ (యంత్రంతో నొక్కి బిగించడం) చేసేవాళ్ల దగ్గరే చేయించండి. రెండు వేల వాట్లు దాటే ఆలోచన ఉంటే 24 వోల్టులకు మారండి, కరెంటు సగమవుతుంది.

ఫ్యూజు దగ్గర పిసినారితనం అస్సలు వద్దు. లిథియం బ్యాటరీ టెర్మినల్స్ మధ్య పొరపాటున షార్ట్ అయితే వేల ఆంపియర్లు ప్రవహించగలవు. కార్లలో వాడే మామూలు ఫ్యూజు అంత కరెంటును తెంచలేక, కాలిపోయాక కూడా లోపల నిప్పు వంతెనలా నిలవొచ్చు. క్లాస్ టీ అనే రకం 20,000 ఆంపియర్ల వరకు తెంచగలిగేలా తయారైనది. దాన్ని పాజిటివ్ టెర్మినల్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర పెట్టాలి. "లోపల బీఎంఎస్ ఉంది కదా సార్, ఫ్యూజు ఎందుకు?" అంటారు. బీఎంఎస్ సెల్స్‌ని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు. వోల్టేజీ, కరెంటు, వేడి హద్దు దాటితే కనెక్షన్ తెంచుతుంది. అందులో స్విచ్‌లా పని చేసే ట్రాన్సిస్టర్లు పాడైనప్పుడు ఆన్‌లోనే ఇరుక్కుపోవచ్చు. ఆరోజు ఇంటిల్లిపాదినీ కాపాడేది ఫ్యూజే.

12.8 అంటే ఫుల్లా, ఖాళీనా?

పాత వ్యాన్లలో చాలావాటికి డ్యాష్‌బోర్డు మీద వోల్ట్ మీటర్ ఉంటుంది. లెడ్ యాసిడ్‌కి అలవాటుపడిన కళ్లకు 12.8 కనిపిస్తే ఫుల్ అన్నమాట. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో అదే 12.8 కనిపిస్తే అయిదో వంతో, అంతకన్నా తక్కువో మిగిలిందని అర్థం. నిండుగా ఉన్నప్పుడు 13.3, 13.4 దగ్గర నిలిచి, సగానికి వచ్చినా 13.1 పైనే చూపిస్తుంది. ఆ తర్వాత చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. మీటర్ చూసి నిశ్చింతగా పడుకున్నవాళ్లకు అర్ధరాత్రి ఫ్యాన్ ఆగిపోయేది ఇందుకే. షంట్ (వైరులో పారే కరెంటును కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టించుకోండి. అది లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని లెక్కపెట్టి శాతం చూపిస్తుంది. అప్పుడప్పుడూ బ్యాటరీని పూర్తిగా నింపాలి. మానిటర్ లెక్క సరిదిద్దుకోవడానికీ, నాలుగు సెల్స్ సమానం కావడానికీ ఆ చివరి గంటే కీలకం.

ఎండ, చలి, బేస్‌మెంట్

చాలా బ్యాటరీల డేటాషీట్లలో ఛార్జింగ్‌కి 45 నుంచి 55 డిగ్రీలు, వాడకానికి 60 డిగ్రీలు హద్దుగా రాసి ఉంటాయి. మే నెలలో కడప జిల్లాలో అద్దాలు మూసి నిలిపిన వ్యాన్ లోపల ఆ వేడి తేలిగ్గా వస్తుంది. బ్యాటరీని ఇంజిన్ పక్కన, వెనక అద్దం కింద పెట్టొద్దు. నీడపడే సీటు కింద, గాలి ఆడేలా, బ్రేకు వేస్తే కదలకుండా బిగించాలి. లడఖ్ వెళ్లేవాళ్లకు సమస్య తిరగబడుతుంది. సెల్ వేడి సున్నా డిగ్రీల కన్నా తక్కువ ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే లిథియం సెల్‌లో ఉండే గ్రాఫైట్ పొర లోపలికి వెళ్లలేక పైనే లోహపు పూతలా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగిరాదు. చలిలో ఛార్జింగ్ ఆపేసే సదుపాయం బీఎంఎస్‌లో ఉందో లేదో కొనేముందే అడగండి. చవక ప్యాకుల్లో తరచూ ఉండదు.

ఇక మన అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్. రెండు ట్రిప్పుల మధ్య వ్యాన్ వారాల తరబడి అక్కడే, ఎండ తగలకుండా ఉంటుంది. ఫుల్ ఛార్జ్‌తో వదిలేయడం మంచిదనుకుంటారు. లెడ్ యాసిడ్‌కి అది నిజం. లిథియంకి మాత్రం సగం దగ్గర ఉంచి, మెయిన్ స్విచ్ ఆపేసి వదలడమే మేలు. నిండుగా, వేడిలో పడి ఉంటే అది తొందరగా ముసలిదవుతుంది. బయల్దేరే ముందురోజు నింపుకుంటే చాలు. బేస్‌మెంట్‌లో ప్లగ్ పాయింట్ కోసం అసోసియేషన్‌తో ముందే మాట్లాడుకోండి.

వాహనంలో ఇలాంటి మార్పులు చేయించేటప్పుడు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చదవాలి. నిర్మాణం మారేలా ఏది చేసినా ఆర్టీఓ అనుమతి, ఆర్సీలో నమోదు కావాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పాలి.

కొనేటప్పుడు ఒక పరీక్ష తప్పనిసరిగా చేయించండి. బ్యాటరీని పూర్తిగా నింపించి, 200 వాట్ల డీసీ లోడు తగిలించి, షంట్ మీటర్ పెట్టి, కట్ అయ్యేవరకు నడపమనండి. 100 ఏహెచ్ అని రాసి ఉంటే ఆరు గంటలకు పైగా నడవాలి, మీటర్ 1.28 యూనిట్లకు దగ్గరగా చూపించాలి. ఒక యూనిట్ దగ్గరే ఆగిపోతే లోపలున్నవి పాత సెల్సో, నాసిరకం సెల్సో అయి ఉండాలి. మంచి సరుకు అమ్మేవాళ్లు దీనికి ఒక పూట టైమ్ అడుగుతారు గానీ కాదనరు. మిగతా డబ్బు ఆ పరీక్ష అయ్యాకే ఇవ్వండి. మీటర్ రీడింగ్‌ని ఫోటో తీసి, వారంటీ కార్డు మీద అదే అంకె, తేదీ రాయించి సంతకం తీసుకోండి.